సామెతలు 25:25లో ‘దూరదేశం’ ఎందుకు?

దప్పిగొన్నవానికి చల్లని నీరు ఎలాంటిదో, దూరదేశం నుంచి వచ్చిన మంచి కబురు అలాంటిదని బైబిల్లోని ఈ వచనం చెబుతుంది. మంచి కబురు ఎక్కడి నుంచి వచ్చినా సంతోషమే కనుక ‘దూరదేశం’ అన్న మాట ఎందుకని మీరు అడిగారు, అది మీకు అనవసరంగా తోచింది. ఆ సందేహానికి కారణం బహుశా మీరు పోలికలోని చల్లని నీటిని చూసి, దప్పికను వదిలేయడమే.

1. ముందుగా దప్పిక దగ్గర ఆగండి. చాలామంది దాటిపోయేది ఇక్కడే. ఆ వచనం నీటిని ఊరికే మెచ్చుకోవడం లేదు, దాహంతో అలసినవానికి ఆ నీరు ఏమవుతుందో చెబుతోంది. బాటసారులో దూతలో మోసుకొస్తే తప్ప కబురు అందని ఆ కాలంలో, దూరం వెళ్లినవారు బతికి ఉన్నారో లేదో తెలియక ఇంట్లోవారు ఎదురుచూడవలసి వచ్చేది. ఆ ఎదురుచూపే దప్పిక, దాన్ని పెంచేది దూరం.

2. తరువాత ఆదికాండము 45:26–28 చదవండి. చనిపోయాడనుకున్న తన కుమారుడు యోసేపు ఐగుప్తులో బతికే ఉన్నాడని మిగతా కుమారులు చెప్పినప్పుడు యాకోబు మొదట నమ్మలేదు. యోసేపు పంపిన బండ్లను చూశాకనే అతని ప్రాణం తెప్పరిల్లింది. ఈ సామెతకు ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు కనబడదు.

3. సామెతలు 25వ అధ్యాయంలోనే ఉన్న 13వ వచనాన్ని కూడా పోల్చి చూడటానికి పక్కన పెట్టుకోండి. అక్కడ కోతకాలపు మంచు చల్లదనంతో పోల్చినది నమ్మకమైన దూతను, ఇక్కడ నీటితో పోల్చినది అతను తెచ్చే కబురును.

ఈ వచనాన్ని సువార్తకు అన్వయించి బోధించేవారు ఉన్నారు. అన్వయంగా అది బాగానే ఉంటుంది గానీ, సామెత నేరుగా చెప్పే అర్థం మాత్రం పైన చెప్పినదే.