కంప్యూటర్ కంటే ముందు మనుషులను రాయండి

ప్రియ మిత్రమా,

సైనిక సరఫరాపై జరిగిన అనుకరణ ప్రయోగాల గురించి మీరు రాసిన వ్యాసం చదివాను. ఈ చరిత్ర తెలుగులో రావాలని నాకు చాలాకాలంగా ఉంది. అందుకే గట్టిగా చెబుతున్నాను: మీ మొదటి రెండు పేజీలు తీసేయండి. అందులో కంప్యూటర్లే ఉన్నాయి, మనుషులు లేరు.

అమెరికాలో శాంటా మోనికాలోని రాండ్ దగ్గర, అంటే అక్కడి వైమానిక దళం కోసం పరిశోధనలు చేసిన సంస్థ దగ్గర, మొదలుపెట్టండి. 1952లో రాబర్ట్ చాప్‌మన్, జాన్ కెనెడీ, విలియం బీల్, ఆలెన్ న్యూవెల్ కలిసి ఒక బిలియర్డ్స్ హాలు వెనక గదిలో వాయు రక్షణ కేంద్రానికి నమూనా ఏర్పాటు చేశారు. తొలి ప్రయోగంలో కూర్చున్నది కాలేజీ విద్యార్థులు. విమానాల రద్దీని పెంచుతూ పోయినా ఆ బృందం తట్టుకుంది. ఏ సమాచారాన్ని పట్టించుకోవాలో, దేన్ని పక్కన పెట్టాలో పని చేస్తూనే నేర్చుకుంది. ఈ భాగానికి ఎన్ని పేజీలైనా ఇవ్వండి, ఎందుకంటే తర్వాతి కథంతా దీని మీదే నిలబడింది.

రాండ్‌లోనే విమానాల విడిభాగాల సరఫరాను అధ్యయనం చేసిన ఆర్థికవేత్తల చిక్కు వేరు. ఖరీదైన విడిభాగాలను వీలైనంత ఆలస్యంగా కొనాలి, చవకవాటిని ధారాళంగా నిల్వ చేయాలి అని వారి లెక్క చెబుతుంది. కానీ ఆ లెక్కను అమలు చేయాల్సింది డిపోలో, వైమానిక స్థావరంలో పనిచేసే ఉద్యోగులు. వాళ్ల చేతుల్లో అది నిలుస్తుందా? ఈ ప్రశ్నకు సమీకరణంలో జవాబు దొరకదు. 1956లో అక్కడే మొదలైన లాజిస్టిక్స్ సిస్టమ్స్ లేబొరేటరీ పుట్టింది ఇందుకే. దాన్ని నడిపిన ముర్రే గీస్లర్ పేరు మీ వ్యాసంలో ఒక్కసారే, అదీ బ్రాకెట్లో కనిపించింది. అన్యాయం! తొలి ప్రయోగంలో అమల్లో ఉన్న విధానాన్నీ ప్రతిపాదిత విధానాన్నీ పోల్చి చూశారు. నిర్ణయాలు తీసుకున్నది మనుషులు, లెక్కలు కట్టింది యంత్రాలు. తర్వాతి ప్రయోగాల్లో క్షిపణి దళాల నిర్వహణ కూడా వచ్చింది. దాన్ని క్లుప్తంగా చెప్పినా చాలు.

ఇంకొక పని చేయండి. అదే సంస్థలో తయారైన మోనోపోలాగ్స్ అనే ఆట ఉంది. ఆడేవారు నిల్వల అధికారి అవుతారు. ఒక డిపో నుంచి ఐదు స్థావరాలకు విడిభాగాలు పంపాలి, గిరాకీ ఎంతో ముందుగా తెలియదు. కాగితం మీద గీసుకుని కొన్ని నెలల ఆట ఆడండి. ఎక్కువ కొంటే డబ్బు ఇరుక్కుంటుంది, తక్కువ కొంటే విమానం నేల మీదే ఉండిపోతుంది. ఆ సందిగ్ధం మీరు అనుభవించాకే రెండో ప్రతి మొదలుపెట్టండి. శాంటా మోనికా భాగం పూర్తికాగానే నాకు పంపండి, మిగతాది తర్వాత చూద్దాం.

మీ శ్రేయోభిలాషి