తిన్నది తిన్నట్టే బయటికొస్తోంది.. మా కుక్కపిల్ల బతుకుతుందా డాక్టర్?

ప్రశ్న: మా జర్మన్ షెపర్డ్ కుక్కపిల్లకు పది వారాలు. తల్లిపాలు మాని గట్టి తిండి మొదలైన దగ్గర్నుంచి తిన్నది తిన్నట్టే కక్కేస్తోంది. రెండు వారాలు వాంతుల మందు వాడినా తగ్గలేదు. ఎక్స్‌రే తీసి అన్నవాహిక సాగిపోయిందని, పుట్టుకతో వచ్చిన జబ్బని చెప్పారు. బతకదు, శాశ్వత నిద్ర ఇంజెక్షన్ చేయించమని ఒకరు, నిలబెట్టి తినిపిస్తే చాలని ఇంకొకరు అంటున్నారు. మా అబ్బాయి దాన్ని వదిలి ఉండట్లేదు. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఇంజెక్షన్ మాట ఇప్పటికి పక్కన పెట్టండమ్మా. అసలు తేలాల్సిన విషయం ఇంకొకటి ఉంది.

దీన్ని మెగా ఈసోఫేగస్ అంటాం. నోటి నుంచి పొట్టకు వెళ్లే గొట్టం ముద్దను అలలు అలలుగా కిందికి నెట్టాలి. మీ పిల్లలో ఆ నెట్టే పని సరిగా జరగడం లేదు కాబట్టి ముద్ద అక్కడే సంచిలో పడ్డట్టు ఉండిపోయి, కాసేపటికి తల వంచగానే జారి బయటికొస్తుంది. మీరు కక్కడం అంటున్నారు గానీ ఇది వాంతి కాదు, ఈసారి గమనించి చూడండి, వాంతికి ముందు పొట్ట ఎగదన్నుతుంది, డోకు వస్తుంది, ఇక్కడ అవేమీ ఉండవు, ముద్ద కూడా గొట్టం ఆకారంలో, జిగురు పట్టి, అరగకుండా పడుతుంది. వాంతుల మందు పనిచేయకపోవడంలో వింతేమీ లేదు. పైగా కుక్కల్లో అన్నవాహిక కండ పొట్ట, పేగుల కండలాంటిది కాదు, అందుకే పేగులు కదలడానికి ఇచ్చే మందులు దాన్ని కదిలించలేవు. వాటిలో కొన్ని పొట్ట మూతిని, అంటే ఆ గొట్టం పొట్టలో కలిసే చోటును, ఇంకాస్త బిగిస్తాయి కూడా.

ఇక తేలాల్సింది ఏంటంటే, గొట్టం మొత్తం సాగిందా, గుండె వరకే సాగి అక్కడి నుంచి మామూలుగా ఉందా? కొన్ని పిల్లల్లో గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం ఎడమవైపు ఏర్పడాల్సింది కుడివైపు ఏర్పడుతుంది, దాంతో ఒక తాడులాంటి పోగు అన్నవాహిక మీదుగా పడి ఉరిలా బిగిస్తుంది. పాలు ఎలాగోలా దిగిపోతాయి, గట్టి తిండి దగ్గరే గొడవ మొదలవుతుంది. జర్మన్ షెపర్డ్‌లలో ఈ రెండు లోపాలూ కనిపిస్తాయి. ఉరి అయితే ఆపరేషన్ చేసి ఆ పోగును కోసేయాలి, ఎంత తొందరగా చేస్తే గొట్టం కోలుకునే అవకాశం అంత ఎక్కువ. అందుకే ఆ ఎక్స్‌రే పట్టుకుని రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికో, మీకు దగ్గరనుకుంటే గన్నవరం కాలేజీకో ఈ వారమే వెళ్లండి. ఎక్స్‌రేలో తెల్లగా కనిపించే బేరియం అనే పదార్థం కలిపి తినిపించి తీసే ఎక్స్‌రే అవసరమవుతుంది, అది కూడా పొలమారకుండా జాగ్రత్తగా ఇవ్వాల్సిందే.

ఉరి లేదని తేలితే ఆపరేషన్ లేదు, తినిపించే తీరే వైద్యం. పొట్టకు చేర్చే కండ పనిచేయనప్పుడు బరువే చేర్చాలి, అంటే పిల్ల నిటారుగా ఉండాలి. గిన్నె ఎత్తులో పెడితే చాలదు, వెన్ను నిలువుగా ఉండాలి. విదేశాల్లో దీనికి బెయిలీ చెయిర్ అని ప్రత్యేకంగా కుర్చీ చేస్తారు, మన దగ్గర నేను చూసిన వాటిల్లో బాగా కుదిరింది ఒక కార్పెంటర్ తన లాబ్రడార్ కోసం పాత టేకు చెక్కలతో చేసిన నిలువు పెట్టె, మూడు వైపులా దుప్పటి ముక్కలు కుట్టి, ముందు చిన్న బల్ల పెట్టాడు, కుక్క స్కూలు పిల్లాడిలా దాంట్లో కూర్చుని తినేది. సింపుల్‌గా మీ ఒడిలో వెనక్కి ఆనించి నిటారుగా కూర్చోబెట్టుకున్నా సరిపోతుంది, ఈ వయసులో బరువెంత ఉంటుంది! తిన్నాక మరో 20-30 నిమిషాలు అలాగే ఉంచాలి. ఇక్కడే అందరూ ఓపిక పోగొట్టుకుంటారు. మీ అబ్బాయి వదలడం లేదన్నారు కదా, ఆ పని వాడికే అప్పగించండి.

రోజుకు నాలుగైదు సార్లు, కొద్దికొద్దిగా పెట్టండి. ఎంత పల్చగా, ఎంత గట్టిగా ఉండాలన్నది ఒక్కో కుక్కకు ఒక్కోలా ఉంటుంది, కొన్నింటికి మిక్సీలో మెత్తగా చేసిన జావ నిలుస్తుంది, కొన్నింటికి చిన్న ఉండలు బాగా జారతాయి, ఒక్కోటి మూడు నాలుగు రోజులు చూసి నోట్‌బుక్‌లో రాసుకోండి. పల్చటి పెరుగన్నం మాత్రం వద్దు, గిన్నెడు తిన్నా బలం తక్కువ. నానబెట్టిన పప్పీ ఫుడ్, ఉడికించిన చికెన్, గుడ్డు కలిపి రుబ్బితే కొంచెంలోనే శక్తి దొరుకుతుంది. నీళ్ల గిన్నె నేల మీద వదిలేయకండి, నీళ్లు కూడా కుర్చీలోనే. తీపి, రంగు లేని జెలటిన్‌తో గడ్డకట్టించిన నీళ్ల ముక్కలు చాలా కుక్కలకు పనికొస్తాయి, చైనా గ్రాస్ వద్దు, అది ఒంటి వేడికి కరగదు. మెడకు బెల్టు తీసేసి ఛాతీకి వేసే హార్నెస్ వాడండి, పడుకునేటప్పుడు తల కింద దిండు పెట్టండి. ఏ టాబ్లెట్ అయినా పొడి చేసో ద్రవంగానో ఇవ్వాలి, లేదంటే గొట్టంలోనే అతుక్కుని పుండు చేస్తుంది. కానీ కొన్ని మందులు పొడి చేయకూడదు, డాక్టర్‌నడిగే చేయండి.

సిల్డెనాఫిల్ అనే మందు పొట్ట మూతిని వదులు చేసి కొన్ని కుక్కలకు మేలు చేస్తుంది. అవును, వయాగ్రాలో ఉండేదే, మెడికల్ షాపులో అడిగితే అదోలా చూస్తారు. ఫలితం అన్నింటిలో ఒకేలా లేదు, డోసు మీ డాక్టరే చెప్పాలి.

ఈ జబ్బులో కుక్కలు ఆకలితో పోవడం కంటే పొలమారి పోవడం ఎక్కువ. కక్కింది ఊపిరితిత్తుల్లోకి వెళ్తే న్యుమోనియా. కాబట్టి బాగా నిద్రపోతున్నప్పుడు 30 సెకన్లు ఛాతీ చూసి ఊపిరి లెక్కపెట్టి రెండింతలు చేయండి. నిమిషానికి 30 దాటి, కాసేపాగి చూసినా అలాగే ఉంటే, తడి దగ్గు, ముక్కు నుంచి చీమిడి, 103 ఫారన్‌హీట్ దాటిన జ్వరం, తిండి మీదికి మనసు పోకపోవడం, వీటిలో ఏదైనా కనిపిస్తే తెల్లారేదాకా ఆగకండి, ఆ రాత్రే వెళ్లండి.

బతుకుతుందా అని అడిగారు. చిన్న వయసులో పట్టుకుని ఇలా చూసుకున్న పిల్లల్లో కొన్ని పెరిగేకొద్దీ మెరుగవుతాయి, కొన్ని జీవితాంతం కుర్చీలోనే తింటూ హాయిగా ఉంటాయి, కొన్ని మాత్రం ఎంత చేసినా పదేపదే న్యుమోనియా వచ్చి, బరువు పెరగక నలిగిపోతాయి. మీది ఏ కోవలోదో నేను ఇక్కడి నుంచి చెప్పలేను, వారానికోసారి తూకం వేసి రాస్తూ ఉంటే రెండు నెలల్లో మీకే తెలుస్తుంది. మూడో కోవ అయితే ఇంజెక్షన్ గురించి అప్పుడు మాట్లాడుకుందాం, అందులో తప్పేమీ లేదు. అప్పటిదాకా చుట్టుపక్కల వాళ్ల మాటలకు టెన్షన్ పడకండి.

ఇంకొకటి, ఈ జాతిలో ఇది వంశంలో వస్తుంది, ఆడవాటి కంటే మగవాటిలో ఎక్కువ. పిల్లను అమ్మినవాళ్లకు ఫోన్ చేసి, అదే జంటను మళ్లీ కట్టించొద్దని చెప్పండి, ఆ ఈతలో మిగతా పిల్లల్లో ఏవైనా ఇలాగే కక్కుతున్నాయేమో అడగండి.