తుప్పు పట్టిన కారును బాగు చేయించాలా, మార్చేయాలా?

ప్రశ్న: మేము విశాఖపట్నంలో సముద్రానికి దగ్గరలో ఉంటున్నాం. 2011 జూన్‌లో రిజిస్టరైన మా పెట్రోలు కారు ఇంజను నమ్మకంగానే పనిచేస్తోంది గానీ, తలుపుల అడుగున, డ్రైవరు కాళ్ల దగ్గరి ఫ్లోరులో తుప్పు తినేసింది. టింకరింగు, పెయింటింగుకు 48 వేలు అడుగుతున్నారు. పాత కార్ల వ్యాపారి కారును 65 వేలకు తీసుకుంటానంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: తలుపుల గురించి కంగారు వద్దు. వాటి అడుగున నీరు పోయే రంధ్రాలు మట్టితో పూడుకుపోతే, లోపల నిలిచిన తడికి ఉప్పుగాలి తోడై రేకును తినేస్తుంది. అంతగా పాడైతే తలుపునే మార్చుకోవచ్చు. ఫ్లోరు సంగతి అలా కాదు. ఇలాంటి కార్లకు విడిగా ఛాసిస్ (బరువు మోసే అడుగు చట్రం) ఉండదు కనుక, ఫ్లోరు, తలుపుల కింద నిడివిగా ఉండే రన్నింగు బోర్డు, షాకబ్జార్బర్లను బిగించే చోట్లు కలిసే బరువు మోస్తాయి, ప్రమాదంలో దెబ్బను కాచుకుంటాయి. ముందుగా కారును లిఫ్టు ఎక్కించి, మ్యాట్లు తీయించి, తుప్పు ఉన్నచోటల్లా స్క్రూడ్రైవరుతో గట్టిగా పొడిపించండి.

రన్నింగు బోర్డు, షాకబ్జార్బర్ల చోట్లు గట్టిగా ఉండి, ఫ్లోరులో చిల్లు అరచేయంత మేరకే ఉంటే బాగు చేయించమనే నా సలహా; 65 వేలకు అమ్మి, పైన లక్షలు పోసి మరో పాత కారు కొన్నా, అదీ ఈ ఊరి గాలి పీల్చిందే కావచ్చు. అయితే ఆ 48 వేలు దేనికో కాగితం మీద రాయించుకోండి. కుళ్లిన రేకును గట్టి లోహం తగిలేదాకా కోసి, కొత్త రేకు వెల్డింగు చేసి, అడుగున యాంటీ రస్ట్ కోటింగు వేస్తేనే అది మరమ్మతు. పైన పుట్టీ పూసి రంగు కొడితే తుప్పు లోపల పెరుగుతూనే ఉంటుంది. నీరు ఎక్కడి నుంచి దిగుతోందో, ముఖ్యంగా తలుపు బీడింగునీ (అంచు రబ్బరు) ముందు అద్దం అంచునీ, వెతికించకుండా వెల్డింగుకు ఒప్పుకోవద్దు.

2026 జూన్‌తో 15 ఏళ్లు నిండుతాయి కాబట్టి, ఫిట్‌నెస్ తనిఖీలో నెగ్గితేనే మరో 5 ఏళ్లకు రిజిస్ట్రేషన్ పొడిగిస్తారు. రుసుము 5,000 రూపాయలు, గ్రీన్ ట్యాక్స్ దానికి అదనం. రన్నింగు బోర్డే పొడిచిన చోట లోపలికి దిగిపోతే ఈ ఖర్చులేవీ పెట్టకండి. గుర్తింపు పొందిన స్క్రాపింగు కేంద్రంలో అప్పగిస్తే వచ్చే డిపాజిట్ సర్టిఫికెట్‌తో కొత్త కారు రిజిస్ట్రేషన్ రుసుము మినహాయింపు దొరుకుతుంది. వ్యాపారికే అమ్మదలిస్తే, ఆర్‌సీ మీ పేరు నుంచి మారేదాకా కాగితాల వెంట పడండి.