ఐసీయూ నుంచి ఇంటికి వచ్చాక కూడా ఎందుకీ నీరసం, మతిమరుపు?

ప్రశ్న: మావారికి 54 ఏళ్లు. ఎనిమిది నెలల క్రితం సెప్సిస్‌తో (ఇన్‌ఫెక్షన్ విషమించి ఒళ్లంతా దెబ్బతినడం) 19 రోజులు ఐసీయూలో ఉన్నారు, అందులో 11 రోజులు వెంటిలేటర్ మీదే. ఇప్పటికీ పది మెట్లెక్కితే కాళ్లు వణుకుతాయి. లెక్కల్లో తప్పులు చేస్తున్నారు. అర్ధరాత్రి ఉలిక్కిపడి లేచి, ఎవరో తనను కట్టేశారంటున్నారు. గుండె, ఊపిరితిత్తుల పరీక్షలన్నీ బాగున్నాయట. బంధువులు బద్ధకమంటున్నారు. ఇది నిజంగా జబ్బేనా?
– ఒక పాఠకురాలు

జవాబు: ఇది బద్ధకం కాదమ్మా. ప్రాణాపాయం నుంచి బయటపడినవారిలో కండబలం, ఆలోచనాశక్తి, మనఃస్థిమితం అనే మూడింటిలో ఏదో ఒకటి, ఒక్కోసారి మూడూ, నెలలూ సంవత్సరాలూ దెబ్బతిని ఉండవచ్చు. 2010లో అమెరికాలో సమావేశమైన నిపుణులు దీనికి ‘పోస్ట్ ఇంటెన్సివ్ కేర్ సిండ్రోమ్’ అని పేరు పెట్టారు.

పరీక్షలు బాగున్నప్పుడు నీరసమెందుకన్న మీ సందేహానికి కెనడా పరిశోధకులు 2003లో ప్రచురించిన అధ్యయనంలో సమాధానం ఉంది. ఊపిరితిత్తులు తీవ్రంగా దెబ్బతిని కోలుకున్న 109 మందిని వారు ఏడాదిపాటు గమనించారు. ఏడాది తిరిగేసరికి ఊపిరితిత్తుల సామర్థ్యం చాలావరకు మామూలు స్థాయికి చేరినా, ఆరు నిమిషాల్లో నడవగలిగిన దూరం మాత్రం ఆ వయసువారు నడవవలసిన దానిలో 66 శాతమే ఉంది. సగం మంది ఇంకా ఉద్యోగాలకు వెళ్లలేదు. అసలు లోపం కండరాల్లో ఉంది. ఐసీయూలో చేరిన పది రోజుల్లోనే తొడ కండరం పరిమాణం సుమారు 18 శాతం తగ్గిపోతుందని 2013లో బ్రిటన్‌లో 63 మంది రోగులపై చేసిన మరో పరిశోధన చూపింది. కదలిక లేకపోవడం ఒక్కటే దీనికి కారణం కాదు, సెప్సిస్ వల్ల ఒళ్లంతా రేగే వాపు ప్రక్రియ కూడా కండరంలోని ప్రొటీన్‌ను కరిగిస్తుంది. ఈ నష్టం గుండె పరీక్షలోనూ ఎక్స్‌రేలోనూ కనిపించదు.

లెక్కల్లో తప్పుల విషయానికి వస్తే, 2013లోనే అమెరికాలో 821 మంది ఐసీయూ రోగులపై జరిగిన అధ్యయనంలో, ఏడాది తర్వాత పరీక్షించినవారిలో 34 శాతం మందికి తలకు ఓ మోస్తరు గాయమైనవారి స్థాయిలోనే మార్కులు వచ్చాయి. వయసు మళ్లినవారికే ఇలా జరిగిందనుకోకండి, చిన్నవారిలోనూ కనిపించింది. ఐసీయూలో ఎన్ని ఎక్కువ రోజులు డెలీరియం, అంటే మన పెద్దలు సంధి అనే మతిభ్రమ, కొనసాగితే నష్టం అంత ఎక్కువగా ఉంది. మీవారు అక్కడ అలా ఎన్నాళ్లు పలవరించారో గుర్తుచేసుకుని డాక్టరుకు తప్పక చెప్పండి.

ఆ పీడకలకూ ఒక మూలం ఉండవచ్చు. గొట్టాలు లాగేసుకోకుండా కొన్నిచోట్ల రోగి చేతులను మంచానికి కడతారు. మత్తులో ఉన్న మనసు దాన్ని ఎవరో బంధించినట్టుగా అల్లుకుంటుంది. ఏ రోజు ఏం జరిగిందో, ఎవరెవరు పక్కన ఉన్నారో, ఆయన వినగలిగినంత మేరకు నెమ్మదిగా చెప్పండి. ఐసీయూ రోజుల డైరీ రోగికి ఇస్తే మానసిక ఆఘాతం తగ్గిందని 2010లో యూరప్‌లోని ఒక అధ్యయనం తేల్చగా, 2019లో ఫ్రాన్స్‌లో జరిగిన పెద్ద అధ్యయనంలో ఆ ప్రయోజనం కనిపించలేదు. కనుక ఇదొక్కటే చాలనుకోకుండా, మానసిక వైద్యుల సలహా కూడా తీసుకోండి.

ఫిజియోథెరపిస్టు పర్యవేక్షణలో కాళ్ల బలానికి వ్యాయామం మొదలుపెట్టి కొద్దికొద్దిగా పెంచాలి. జ్ఞాపకశక్తి పరీక్ష చేయించేదాకా డబ్బు వ్యవహారాలు ఇద్దరూ కలిసి చూసుకోండి, వాహనం నడపనివ్వకండి. ఆసుపత్రిలో మొదలైన నిద్రమాత్రలేవైనా ఇంకా వాడుతుంటే అవసరమో కాదో అడగండి. సెప్సిస్ నుంచి కోలుకున్నవారికి మళ్లీ ఇన్‌ఫెక్షన్ సోకే ముప్పు ఎక్కువ. జ్వరం, ఆయాసం, హఠాత్తుగా తికమక కనిపిస్తే తెల్లవారేదాకా ఆగవద్దు. కోలుకోవడం నెమ్మదిగానే సాగుతుంది: కెనడా అధ్యయనంలోని వారు అయిదేళ్లకు కూడా నడకలో 76 శాతం దగ్గరే ఉన్నారు.

మీ ఉత్తరంలో మీ గురించి ఒక్క మాటా లేదు. రోగిని చూసుకున్న ఇంటివారికీ ఆందోళన, నిద్రలేమి, దిగులు రావడాన్ని వైద్యులు ఈ సిండ్రోమ్‌లో భాగంగానే గుర్తించారు. ఈసారి ఆయనతో వెళ్లినప్పుడు మీ నిద్ర సంగతి కూడా డాక్టరుకు చెప్పండి.