ఖమ్మం లైసెన్సు మీద జగ్గయ్యపేటలో యాసిడ్ అమ్మొచ్చా?

ప్రశ్న: ఖమ్మంలో మాకు హార్డ్‌వేర్ షాపు ఉంది, యాసిడ్ అమ్మకానికి లైసెన్సు కూడా ఉంది. తమ్ముడు జగ్గయ్యపేటలో ఇంకో షాపు తెరుస్తున్నాడు. ఇదే లైసెన్సు అక్కడ పనికొస్తుందా? రిజిస్టర్ అక్కడా రాయాలా?

జవాబు: జగ్గయ్యపేట ఆంధ్రప్రదేశ్‌లో ఉంది కాబట్టి మీ తెలంగాణ లైసెన్సు అక్కడ పనికిరాదు. రిజిస్టర్ మాత్రం తప్పదు.

యాసిడ్ అమ్మకం 1919 నాటి విషపదార్థాల చట్టం కిందికి వస్తుంది. ఆ చట్టం దేశమంతటికీ ఒకటే. కానీ అమ్మకం, నిల్వలపై నిబంధనలు చేసే అధికారం 2వ సెక్షన్ కింద రాష్ట్రాలది. ఉమ్మడి రాష్ట్రపు నిబంధనలు 2014 విభజన తర్వాత కూడా రెండుచోట్లా కొనసాగాయి కాబట్టి, రూల్స్ ఒకటేగా అనుకుంటారు. ఒకటే అయినా లైసెన్సు ఇచ్చే అధికారి వేరు. పైగా ఎవరి సవరణలు వాళ్లవి. ఏ యాసిడ్‌కు, ఎంత గాఢత దాటితే లైసెన్సు కావాలన్నది ఆంధ్రప్రదేశ్ నిబంధనల షెడ్యూల్‌లోనే (జాబితాలోనే) చూసుకోవాలి. మీ తమ్ముడు ఆ షాపు అడ్రసుతో విడిగా దరఖాస్తు పెట్టాలి.

రిజిస్టర్ సంగతి వేరు. యాసిడ్ దాడికి గురైన లక్ష్మి వేసిన కేసులో 2013 జులై 18న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలకు రాష్ట్రాల తేడా లేదు. కొనేవాళ్ల పేరు, అడ్రసు, ఎంత కొన్నారు, ఎందుకు కొన్నారు అన్నీ రాయాలి. 18 ఏళ్లు నిండనివాళ్లకు అమ్మకూడదు. ప్రభుత్వం ఇచ్చిన ఫొటో గుర్తింపు కార్డు చూడాలి, దాని మీద అడ్రసు ఉండాలి. షాపులవాళ్లు ఎక్కువగా దొరికిపోయేది ఇక్కడే: పాన్ కార్డు చూసి అమ్మేస్తారు. దాని మీద ఫొటో ఉంటుంది, అడ్రసు ఉండదు. ఆధార్ గానీ ఓటరు కార్డు గానీ అడగండి. ‘ఎందుకు’ అన్న గడిలో ‘సొంతానికి’ అని రాస్తే రాయనట్టే. ‘బాత్రూమ్ టైల్స్ కడగడానికి, 1 లీటరు’ అని రాయించండి. రోజూ వచ్చే మేస్త్రీ అయినా సరే, ప్రతిసారీ కొత్త ఎంట్రీ పడాల్సిందే.

స్టాకు ఎంత ఉందో 15 రోజుల్లోగా సబ్ డివిజనల్ మెజిస్ట్రేటుకు, అంటే సాధారణంగా ఆర్డీవోకు, రాసివ్వాలి. అక్నాలెడ్జ్‌మెంట్ కాపీ షాపులోనే ఉంచండి. చెప్పని స్టాకు దొరికితే స్వాధీనం చేసుకుని 50,000 రూపాయల దాకా జరిమానా వేయొచ్చు. రిజిస్టర్ రాయకపోయినా అంతే జరిమానా. చట్టంలోని 6వ సెక్షన్ కింద మొదటి నేరానికి జరిమానా 500 రూపాయలకు మించదని కొందరు తేలిగ్గా తీసుకుంటారు. అదే సెక్షన్‌లో మూడు నెలల దాకా జైలు కూడా ఉందని మరిచిపోతారు.

తమ్ముడి చేతికి లైసెన్సు రాకముందే ఖమ్మం నుంచి ఒక్క క్యాన్ కూడా పంపకండి. వచ్చాక పంపినా బిల్లు మీద రెండు లైసెన్సు నంబర్లూ వేయండి. మీ రిజిస్టర్లో తగ్గిన లీటర్లే ఆయన రిజిస్టర్లో పెరిగినట్టు కనపడాలి.