గంజాం జిల్లా అని రాసున్న ఆ అట్టని కొయ్యనివ్వకండి

ప్రశ్న: మాది గార మండలమండి. మా తాతగారి ట్రంకుపెట్టెలో ఓ పాత ఫొటో దొరికింది, దళసరి అట్టకి అంటించి ఉంది, కింద ఇంగ్లీషులో కళింగపట్నం, గంజాం జిల్లా అని సిరాతో రాసుంది. సముద్రం ఒడ్డున పెద్ద బిల్డింగు, పెంకుల కప్పు నల్లగా ఉంది, సముద్రమేమో పొగలాగుంది, ఒక్క మనిషీ లేడు. ఇది ఎప్పటిదై ఉంటుంది? అట్ట పాడైంది కోసేసి లామినేషన్ చేస్తానంటున్నాడు స్టూడియో అతను, చేయించమంటారా?

జవాబు: వద్దమ్మా, దయచేసి వద్దు. మీ ఫొటో వయసు చెప్పేది సగం ఆ అట్టే. 1936లో ఒడిశా వేరు రాష్ట్రం అయ్యేదాకా కళింగపట్నం, శ్రీకాకుళం గంజాం జిల్లాలోనే ఉండేవి, తర్వాత విశాఖ జిల్లాలో కలిపారు, 1950లో గానీ శ్రీకాకుళం జిల్లా రాలేదు. కాబట్టి ఆ రాత 1936కి ముందుదే అయ్యుండాలి, ఫొటో ఇంకా పాతది కావచ్చు.

ఇక బొమ్మ చూద్దాం, మీరు చెప్పిన గుర్తులు కొలోడియన్ అనే పాత ఫొటో పద్ధతికి సరిపోతున్నాయి. 1851లో వచ్చిన ఆ పద్ధతిలో గాజుపలకకి మందు పూసి, అది తడారకముందే ఫొటో తీసి కడిగెయ్యాలి, అంటే చీకటి గుడారం కూడా ఒడ్డుకే మోసుకెళ్ళాలన్నమాట. కొన్ని సెకన్లపాటు లెన్సు తెరిచి ఉంచేవాళ్ళు, అందుకే కెరటాలన్నీ కలిసిపోయి పొగలా పడతాయి, నడిచే మనుషులు అసలు పడరు. ఫొటో మీద భూతద్దం పెట్టి ఆ బిల్డింగు గోడ పక్కన వెతకండి, కాస్త నిలబడినవాడు మసక నీడలా కనిపించొచ్చు. ఆ పలకకి ఎరుపు పట్టదు, నీలం మరీ ఎక్కువ పడుతుంది, అందుకే ఎర్ర పెంకులు నల్లగా వస్తాయి, ఆకాశం మబ్బు లేకుండా తెల్లగా ఉంటుంది. మీ దాంట్లో ఆకాశం కూడా అలాగే ఉండి, కాగితం పల్చగా, పసుపు గోధుమ రంగు మెరుపుతో, సన్నటి పగుళ్ళతో ఉంటే అది గుడ్డుసొన పూసిన ఆల్బుమెన్ ప్రింటు కావచ్చు, 1850ల నుంచి 1890ల దాకా అవే ఎక్కువ.

లామినేషన్ వేడికి, జిగురుకి ఒకసారి అంటుకుంటే మళ్ళీ ఊడదు. మీది సముద్రపు గాలి, చెమ్మ ఎక్కువ, యాసిడ్ లేని కాగితంలో చుట్టి లోపలి గదిలో పెట్టండి, సెల్లోటేపు తగిలించొద్దు. ముందు ఫ్లాష్ లేకుండా నీడలో ఫోనుతో రెండు వైపులా తియ్యండి, అట్ట వెనక స్టూడియో ముద్ర గానీ, పెన్సిలు రాత గానీ ఉంటే అది కూడా మాకు పంపండమ్మా, చూసి చెబుతాం.