గుడ్డ తెల్లగా వచ్చేదాకా

ప్రశ్న: మేస్త్రిగారూ, నమస్తే. మాది తెనాలి. పదిహేనేళ్లుగా న్యూజెర్సీలో ఉంటున్నాం. రెండేళ్ల క్రితం మోజుపడి 1973 నాటి ఎంజీబీ కొన్నాను, రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. ఇప్పుడది నీలం పొగ కొడుతోంది, ఆయిల్ తాగుతోంది. ఇంజన్ చేయించాలంటే ఇక్కడ కారు కొన్నంత అడుగుతున్నారు. మా గరాజ్‌లో నేనే విప్పుదామనుకుంటున్నాను. ఆయిల్, ప్లగ్గులు మార్చడం తప్ప నాకు వేరే పని రాదు. మా ఆవిడకు ఒకటే టెన్షన్. నా వల్ల అవుతుందా?
– ఒక పాఠకుడు, న్యూజెర్సీ

జవాబు: అవుతుంది బాబూ. తొందరపడకపోతే తప్పకుండా అవుతుంది.

విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు అంబాసిడర్ ఇంజన్లు చేశాను. ఎంజీబీ మాత్రం ఒక్కటే నా చేతికొచ్చింది. దాని బానెట్ ఎత్తగానే తెలిసినవాళ్లింటికి వెళ్లినట్టయింది. రెండూ ఇంగ్లండ్ బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) వాళ్ల బీ-సిరీస్ ఇంజన్లే. అంబాసిడర్‌ది 1489 సీసీ, మీది 1798. స్ట్రోక్, అంటే పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం, రెంటికీ ఒకటే, 88.9 మిల్లీమీటర్లు. బోరు, అంటే సిలిండర్ లోపలి వెడల్పు మాత్రం మాకు 73, మీకు 80.26. క్రాంక్ అనే ఇంజన్ ఇరుసును మోసే మెయిన్ బేరింగులు మా వాటికి మూడే. మీ ఏడాది బండికి ఐదుంటాయి కాబట్టి క్రాంక్‌కు ఇంకా మంచి ఆసరా.

పొగ చూసి వెంటనే ఇంజన్ దింపకండి. ఎప్పుడు కొడుతోందో ముందు గమనించండి. యాక్సిలరేటర్ వదిలేసి పల్లం దిగి, మళ్లీ తొక్కగానే గుప్పుమంటే వాల్వ్ గైడ్లను, అంటే వాల్వ్ కాడ జారే గొట్టాలను అనుమానించాలి. అదే నిజమైతే హెడ్ దింపితే చాలు. లోడ్ మీద ఎక్కుతున్నంతసేపూ కొడుతుంటే పిస్టన్ చుట్టూ ఉండే రింగులు. ఆ తర్వాత ఇంజన్ వేడిగా ఉండగా నాలుగు ప్లగ్గులూ తీసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి గేజ్‌తో కంప్రెషన్ (సిలిండర్‌లోని ఒత్తిడి) చూడండి. తక్కువ చూపిన సిలిండర్‌లో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్లీ చూడండి. పెరిగితే రింగులో బోరో అరిగినట్టు. పెరగకపోతే వాల్వ్. పక్కపక్క రెండు సిలిండర్లూ కలిసి పడిపోతే ఆ మధ్యన హెడ్ గ్యాస్కెట్ పోయి ఉండొచ్చు.

బోరు అరిగి మళ్లీ కొట్టించాల్సి వచ్చిందని తేలితే అప్పుడు ఇంజన్ దింపండి. పోత ఇనుము ఇంజన్, 150 కేజీలు దాటుతుంది. క్రేన్ అద్దెకు తెచ్చుకోండి, స్నేహితుల భుజబలాన్ని నమ్ముకోవద్దు. మెయిన్ క్యాప్‌లు, రాడ్ క్యాప్‌లు ఏ నంబర్‌వి ఆ నంబర్‌కే వెళ్లాలి. అట్టపెట్టెకు ఎనిమిది చిల్లులు పొడిచి, వాల్వులను నెట్టే పుష్‌రాడ్లు వరసగా గుచ్చుకోండి. బోరింగ్, క్రాంక్ గ్రైండింగ్, వాల్వ్ సీట్లు మెషీన్ షాప్ పని. ముందు కొలిపించి ఏ ఓవర్‌సైజో, అంటే బోరు ఎంత పెద్దది చేయాలో తేల్చుకోండి. పిస్టన్లు కొని వాళ్ల చేతికిచ్చాకే బోరు కొట్టించండి. లెడ్ పెట్రోల్ ఇప్పుడు లేదు కాబట్టి ఎగ్జాస్ట్ వాల్వులకు గట్టి సీట్లు వేయించండి.

ఇక అసలు సంగతి. 1986లో ఒక టాక్సీ అంబాసిడర్‌కు బోరు కొట్టించి తెచ్చి, కిరసనాయిలుతో కడిగి బిగించాను. బోరు అద్దంలా మెరుస్తోంది, ఇంకేం కావాలనుకున్నాను. రెండు నెలలు తిరక్కుండానే బండి మళ్లీ పొగతో నా ముందుకొచ్చింది. విప్పితే కొత్త రింగులు అరిగిపోయి ఉన్నాయి. బోరు లోపల సానపట్టే హోనింగ్ రాయి పొడి ఆ బోరు గీతల్లో ఉండిపోయింది. కిరసనాయిలు జిడ్డును తీస్తుంది గానీ ఆ పొడిని తియ్యదు. ఆ డ్రైవర్‌కు పోయిన వారం రోజుల సంపాదన నా కళ్లముందు ఇప్పటికీ ఉంది. డబ్బు తీసుకోకుండా మళ్లీ చేసిచ్చాను.

అందుకే చెబుతున్నా. వేడినీళ్లు, సబ్బు, బ్రష్షు. బ్లాకును అంట్లు తోమినట్టు తోమండి. ఆయిల్ దారులన్నిట్లో సన్నబ్రష్ దూర్చండి. వెంటనే ఆరబెట్టి, తెల్ల బనియన్ గుడ్డకు కొంచెం ఆయిల్ అద్ది బోరంతా తుడవండి. గుడ్డ మీద బూడిదరంగు కనబడితే మళ్లీ కడగండి. తెల్లగా వచ్చేదాకా కడుగుతూనే ఉండండి. నాకు ఒక్కోసారి ఐదు సార్లు పట్టేది. ఆ తర్వాత తుప్పు పట్టకుండా ఆయిల్ పూయండి.

బిగించేటప్పుడు రింగును ఒట్టిగా బోరులో పెట్టి, పిస్టన్‌ను తలకిందులుగా పట్టుకుని దాంతో లోపలికి నెట్టండి, తిన్నగా కూర్చుంటుంది. అప్పుడు ఫీలర్ గేజ్‌తో గ్యాప్ చూడాలి. 12 థౌ కంటే తగ్గకూడదు. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. గ్యాప్ చాలకపోతే వేడికి రింగు కొసలు కొట్టుకుని విరుగుతుంది. మధ్య మెయిన్ బేరింగ్ దగ్గర, క్రాంక్ ముందుకూ వెనక్కూ జరగకుండా ఆపే థ్రస్ట్ వాషర్ల గాడి వైపు క్రాంక్‌కు ఆనుకోవాలి, తిరగేశారో క్రాంక్‌ను తినేస్తాయి. మెయిన్ క్యాప్‌లకు టార్క్ 70 పౌండ్-అడుగులు. చేతి అంచనాతో బిగించొద్దు, టార్క్ రెంచ్ కొనండి.

మొదటిసారి స్టార్ట్ చేసేముందు ప్లగ్గులు తీసి, ఆయిల్ ప్రెషర్ ముల్లు లేచేదాకా స్టార్టర్‌తో తిప్పండి. వాల్వులను తెరిచే క్యామ్ కొత్తది వేస్తే ఇంజన్ అందుకోగానే ఐడిల్‌లో వదలకుండా, 2000 ఆర్‌పీఎం దగ్గర ఇరవై నిమిషాలు నడవనివ్వండి. జింక్ ఎక్కువున్న 20డబ్ల్యూ-50 ఆయిల్ పోయండి. మీ ఆవిడగారిని ముల్లు దగ్గర కూర్చోబెట్టండి. పడిపోతే కేకేస్తారు, మీరు వెంటనే ఆపెయ్యాలి.

ప్రశ్న: మా నాన్నగారి పెట్రోల్ అంబాసిడర్ పదేళ్లుగా షెడ్డులోనే ఉంది. కొత్త బ్యాటరీ పెట్టి స్టార్ట్ చేయొచ్చా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ఇప్పుడే వద్దమ్మా. ప్లగ్గులు తీయించి, ఒక్కో సిలిండర్‌లో రెండు చెంచాల ఆయిల్ పోసి మూడు రోజులు వదిలెయ్యండి. తర్వాత ముందున్న హ్యాండిల్‌తో చేత్తోనే మెల్లగా తిప్పించండి. బలవంతం చెయ్యనివ్వకండి. పాత పెట్రోల్ అంతా తీయించి, ట్యాంకు కడిగించి, ఆయిల్ మార్పించాకే బ్యాటరీ పెట్టండి. చేత్తో తిరక్కపోతే మళ్లీ రాయండి.